డై ఎక్కించే ముందు క్రియాటినిన్: స్కాన్ గది వద్ద భయమెంత, ప్రమాదమెంత?

కోల్‌కతా: ఎస్‌ఎస్‌కేఎం, కోల్‌కతా మెడికల్ కాలేజీ వంటి పెద్దాసుపత్రులకు బెంగాల్ జిల్లాల నుంచే కాక బిహార్, ఝార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాల నుంచి కూడా రోగులు వస్తుంటారు. పాత రక్తపరీక్షల కాగితాలు వెంట లేని రోగికి సీటీ స్కానో యాంజియోగ్రామో అవసరమైతే, వాడుకలో ‘డై’ అని పిలిచే అయోడిన్ కాంట్రాస్ట్ ద్రవం అతని కిడ్నీలను దెబ్బతీస్తుందా అన్న ప్రశ్న తక్షణం ఎదురవుతుంది. దీనికి వైద్యరంగం ఇచ్చే సమాధానం గత పదిహేనేళ్లలో గణనీయంగా మారింది.

డై ఎక్కించాక కిడ్నీలు విఫలమైన ఉదంతం తొలిసారి 1954లో నమోదైంది. అప్పటి ద్రవాల గాఢత చాలా ఎక్కువ. నేటి అయోహెక్సాల్, అయోడిక్సనాల్ వాటికంటే ఎంతో సౌమ్యమైనవి. లెక్కింపులోనూ లోపం ఉండేది. స్కాన్ తరువాత రెండు మూడు రోజుల్లో క్రియాటినిన్ పెరిగితే నెపం డై మీదికే పోయేది. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్, రక్తపోటు పడిపోవడం, నొప్పి మాత్రలు కూడా అదే పని చేయగలవు. డై లేకుండా స్కాన్ తీయించుకున్న వారితో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు పోల్చి చూడగా తేడా దాదాపు కనిపించలేదు. అయితే కిడ్నీలు బాగా బలహీనపడిన వారికి వైద్యులు ముందే డై మానిపిస్తారు కనుక, ఈ పోలికను అభయపత్రంగా భావించడం సరికాదు.

అమెరికా రేడియాలజీ కళాశాల, జాతీయ కిడ్నీ ఫౌండేషన్ 2020లో ఉమ్మడిగా ఒక గీత గీశాయి. కిడ్నీల వడపోత సామర్థ్యాన్ని తెలిపే ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తక్కువగా ఉండి డయాలసిస్ మొదలుకాని వారికి, అప్పటికే కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతిన్న వారికి ముందుజాగ్రత్తగా సెలైన్ ఎక్కించాలని సూచించాయి. సెలైన్‌కు బదులు సోడియం బైకార్బొనేట్ వాడినా, ఎసిటైల్‌సిస్టీన్ మాత్రలిచ్చినా అదనపు మేలు లేదని సుమారు 5,000 మందిపై జరిగిన ‘ప్రిజర్వ్’ అధ్యయనం 2017లోనే తేల్చింది. ధమని ద్వారా డై పంపే గుండె యాంజియోగ్రామ్‌లో మాత్రం మరింత జాగ్రత్త అవసరం. అక్కడ ద్రవం పెద్దగా పలచబడకుండానే కిడ్నీలను చేరవచ్చు.

అతిభయానికీ మూల్యం ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవారికే గుండెపోటు ముప్పు ఎక్కువ. డైకి జంకి యాంజియోగ్రామ్ మానేస్తే నష్టపోయేది వారే. పక్షవాతం వచ్చి మెదడులోని పెద్ద రక్తనాళం మూసుకుపోయిందని అనుమానించినప్పుడు, మునుపు కిడ్నీ జబ్బు లేని రోగికి క్రియాటినిన్ ఫలితం కోసం ఆగనక్కరలేదని అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ముప్పు ఉన్నట్టు రోగికే తెలియని ప్రాంతాల్లో చిక్కు వేరు. హౌరా–చెన్నై రైలు మార్గం వెంబడి ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మధుమేహం, రక్తపోటు లేనివారికీ కిడ్నీలు దెబ్బతింటున్నాయి. చాలాకాలం లక్షణాలు కనబడవు. అలాంటి వ్యక్తి కడుపునొప్పితో ఏ నగరానికి వెళ్లినా, “కిడ్నీ జబ్బుందా?” అని అడిగితే లేదనే చెబుతాడు. అత్యవసరం కాని స్కాన్‌కు ముందు ఒక్క క్రియాటినిన్ పరీక్ష చేయిస్తే చాలు, ఆ సమాధానం ఎంతవరకు నిజమో తేలిపోతుంది. మెట్‌ఫార్మిన్, నొప్పి మాత్రలు వాడుతున్న సంగతి కూడా అప్పుడే చెప్పాలి. ఈజీఎఫ్‌ఆర్ 30 లోపు ఉంటే మెట్‌ఫార్మిన్‌ను స్కాన్ తరువాత కనీసం 48 గంటలు ఆపి, కిడ్నీ పరీక్ష మళ్లీ చూశాకే కొనసాగింపుపై వైద్యులు నిర్ణయిస్తారు.