అనుకొనని ప్రయాణము

ప్రతి సంవత్సరమును మన బందరు పాఠశాలనుండి విద్యార్థులు విహారయాత్రకు వెడలుచున్నారు. ఒక యేడు హైదరాబాదు, మరియొక యేడు విశాఖపట్టణము. ఈ యాత్రలకు పిల్లలవెంట మేమును పలుమారులు పోయియున్నాము. కావున ఇప్పుడు మేము వ్రాయు మాటలు ముందుగా మమ్మునే తాకును.

గడచిన దసరా సెలవులలో మా మిత్రుడొకరు పాత మోటారుకారొకటి కొని, మాకు చూపుటకై ఇంటికి తెచ్చిరి. కాఫీ త్రాగుచు "పెడనదాక పోయి వత్తమా?" అనిరి. పెడన మనకు పది కిలోమీటర్ల దూరమే. త్రోవలో మరి యిద్దరు ఉపాధ్యాయులను ఎక్కించుకొని బయలుదేరితిమి. మధ్యాహ్న భోజనమునకు వత్తుమని ఇంటిలో చెప్పితిమి గాని, తిరిగి గడప త్రొక్కునప్పటికి రాత్రి తొమ్మిది దాటినది.

పెడనలో ఒక కలంకారీ షెడ్డు ముందు కారు ఆపగా, లోపలినుండి మన విద్యార్థి యొకడు వచ్చి నమస్కరించెను. వాని పేరును తరగతిని చెప్పము. సెలవు గనుక తండ్రికి సాయపడుచుండెనట. కరక్కాయ నీటిలో తడిపి ఆరవేసిన బట్టను బల్లపై పరచి, టేకు చెక్క అచ్చుతో అద్దుచుండిరి. ఇనుపతుక్కును బెల్లపు నీటిలో దినములతరబడి నానబెట్టి తీసిన ద్రవము అది. అచ్చు తగిలినచోట బట్ట నల్లబడుచున్నది. తరువాత ఇంకొక అచ్చును పటికనీటిలో ముంచి అద్దిరి. అది అంతగా కానరాలేదు. ఏమియు పడలేదేమని మేమడిగితిమి. బాలుడు నవ్వి, "ఇప్పుడు కనపడదండి మాస్టారూ, రంగు కాగులో ఉడికినాక ఆ పువ్వు ఒక్కటే ఎర్రగా లేస్తుందండి" అనెను. మాలో రసాయనశాస్త్రము చెప్పువారు ఒకరు కలరు. కరక్కాయలోని టానిను ఇనుముతో కలసి నలుపగుననియు, పటిక రంగును నూలునకు పట్టి యుంచుననియు వారు నల్లబల్లపై వ్రాసి చెప్పుచునే యున్నారు. అదంతయు ఆ పూట వారికి మన విద్యార్థియే పాఠముగా చెప్పెను.

మేము చెప్పునది చరిత్ర. 1611లో ఆంగ్లేయుల కంపెనీవారు మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరని ప్రతియేట చెప్పుచున్నాము, పిల్లలు తేదీని వల్లించుచున్నారు. ఆ కంపెనీవారిని ఇంతదూరము రప్పించినది ఈ తీరపు అద్దకపు బట్టలే. ఆ బట్టను ఒక్క పిల్లవాని చేతికైనను మేమెన్నడును ఇచ్చి యుండలేదు.

వచ్చునప్పుడు మాటలలో తెలిసినదేమనగా, కిందటి విహారయాత్రకు ఆ బాలుడు రాకపోవుటకు జ్వరము కారణము కాదు. రుసుము కారణము. జ్వరమని వ్రాసిన ఉత్తరమును పుచ్చుకొని, త్వరగా కోలుకొమ్మని చెప్పినవారము మేమే.

అచ్చటనుండి ఇంటికి మరలుటకు ఎవరికిని మనసొప్పలేదు. గుడివాడ దారి పట్టితిమి. గుడ్లవల్లేరు దాటిన పిమ్మట టైరు పగిలి గంటకు పైగా చెట్టునీడను కూర్చుంటిమి. పామర్రులో వేడి మిరపకాయ బజ్జీలే మధ్యాహ్న భోజనమైనవి. కూచిపూడిలో ఎక్కువసేపు నిలువలేకపోతిమి. సత్యభామ వేషమునకు పేరొందిన వేదాంతం సత్యనారాయణ శర్మగారు (1935–2012) నడచిన వీధులివి యని చెప్పుకొనుచు ముందునకు సాగితిమి.

ఘంటసాల చేరునప్పటికి ప్రొద్దు క్రుంకుచుండెను. మ్యూజియము తలుపులకు తాళము వేసియున్నది. క్రీస్తుశకము 2వ శతాబ్దమున టాలెమీ తన భూగోళ గ్రంథమున పేర్కొన్న రేవుపట్టణము ఇదియేనని పండితులు చెప్పుదురు. నాగార్జునకొండ శాసనములందును కంటకసేల యను పేర ఈ యూరి మహాచైత్యము కలదు. నేడక్కడ ఓడలు లేవు, సముద్రము లేదు. కృష్ణ తెచ్చిన ఒండ్రు నేలయై, వరిచేలు పరచుకొని యున్నవి. నదులు నేలను పెంచునని భూగోళపాఠములో చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? అది మన పట్టణమునకు ఒక్క గంట ప్రయాణములో ఉన్నది. ఇన్నేండ్లు అచ్చటికి పోకయే ఆ పాఠము చెప్పితిమి.

హైదరాబాదు పోవలదని మా యభిప్రాయము కాదు. చార్మినారును చూడగోరని బాలుడుండునా? కాని పోగలవారు పోయి, పోలేనివారు జ్వరమని వ్రాయవలసి వచ్చు యాత్ర పాఠశాల యాత్ర కాజాలదు. దగ్గరి ఊళ్లలో చూడదగినదేమున్నదని తోడి ఉపాధ్యాయులు కొందరు మమ్మడిగిరి. వారిని పెడనకు రమ్మనుచున్నాము. ఇక ముందుగా ఏర్పాటు లేక వెడలుట నలుగురు నడివయసువారికి చెల్లును గాని పిల్లలకు చెల్లదని ప్రధానోపాధ్యాయులవారు సెలవిచ్చిరి. అది నిజమే, మా టైరు దానికి సాక్షి.

కాబట్టి తల్లిదండ్రులను కోరునది ఇది. ఈ వేసవికి ముందు ఒక శనివారము, బస్సు బాడుగకు ఎవరికి తోచినంత వారు ఇచ్చి, తక్కినది పాఠశాల భరించునట్లు, పిల్లలనందరిని పెడనకును ఘంటసాలకును తీసికొనిపోవుదము. భోజనము ఎవరి ఇంటినుండి వారు తెచ్చుకొందురు. షెడ్డులో చూపి చెప్పుటకు మన విద్యార్థి ఒప్పుకొన్నాడు. మ్యూజియము మూయకమునుపే చేరవలెను గనుక, ఈ మారు ఉదయము ఏడు గంటలకే బయలుదేరవలెను.