సర్దుకోవలసింది ఎవరు?

బదిలీ మీద వచ్చిన పిల్లలకు పెద్దలు చెప్పే మాట ఒకటే: "నాలుగు రోజులు పోతే నువ్వే సర్దుకుంటావులే." సర్దుకోవలసింది ఎప్పుడూ కొత్తవాళ్లేనా? ముందునుంచీ తరగతిలో ఉన్నవాళ్లకు బాధ్యత లేదా? బాధ్యత ఎక్కువ వాళ్లదేనని నా అభిప్రాయం. అలా అనుకోవడానికి కారణం కెన్యాలోని ఒక కోతుల గుంపు.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ సపోల్‌స్కీ మెదడు మీద ఒత్తిడి ప్రభావాన్ని పరిశోధించిన శాస్త్రవేత్త. ఏళ్ల తరబడి కెన్యా వెళ్లి బబూన్ కోతులను గమనించారు. వాటికి మత్తు ఇచ్చి, నెత్తురు తీసి, ఒత్తిడి హార్మోన్లను కొలిచేవారు. ఆ హార్మోన్లు చాలాకాలం ఎక్కువగా ఉంటే ఆరోగ్యం, జ్ఞాపకశక్తి రెండూ దెబ్బతింటాయి.

మగ బబూన్లకూ బదిలీలుంటాయి. యుక్తవయసు రాగానే పుట్టిన గుంపును వదిలి మరో గుంపులో చేరతాయి. అక్కడ మామూలుగా ఎదురయ్యేవి బెదిరింపులే.

1980లలో ఒక గుంపులోని దూకుడు మగకోతులు దగ్గర్లోని టూరిస్టు లాడ్జి చెత్తకుప్ప దగ్గర తిండికోసం పోట్లాడేవి. అక్కడి మాంసం వల్ల క్షయ సోకి అవి చనిపోయాయి. నెమ్మదైనవి మిగిలాయి. గుంపులో వేధింపులు తగ్గాయి.

అసలు విశేషం ఆ తర్వాతది. 1993 నాటికి అప్పటి పెద్ద మగకోతుల్లో ఒక్కటీ అక్కడ లేదు. ఉన్నవన్నీ తర్వాత బయటినుంచి వచ్చి చేరినవే. అయినా ఆ మంచి పద్ధతి పోలేదు! కిందిస్థాయి కోతుల్లో కూడా ఒత్తిడి గుర్తులు తక్కువే. లీసా షేర్‌తో కలిసి 2004లో ప్రచురించిన పరిశోధనలో సపోల్‌స్కీ ఒక కారణం సూచించారు: అక్కడి ఆడకోతులు కొత్తవాటిని మిగతా గుంపులకంటే తొందరగా దగ్గరికి తీశాయి.

"మనం కోతులం కాదుగా" అంటారేమో. ఒక్క గుంపుతో అంతా తేలిపోదు, నిజమే. కానీ మాట రాని జీవులకే సాధ్యమైనది, మాటలు వచ్చిన మనకు ఎందుకు కష్టం కావాలి?

కాబట్టి పిల్లలూ, కొత్తగా ఎవరైనా వస్తే బెంచీ మీద కాస్త జరిగి చోటివ్వండి. వాళ్ల పేరు సరిగ్గా పలకడం నేర్చుకోండి. యాసను వెక్కిరించకండి. వెనకబడిన పాఠాల నోట్సు అడగకముందే ఇవ్వండి. టిఫిన్ డబ్బా తెరిచినప్పుడు రమ్మని పిలవండి.

రెండు మూడేళ్లలో మీరూ టీసీ తీసుకుని వెళ్లిపోతారు. మీరు చోటిచ్చినవాళ్లు తర్వాత వచ్చేవాళ్లకు చోటిస్తారు. మీరు లేకపోయినా ఆ తరగతిలో మీ అలవాటు ఉంటుంది.