కెమేరా కబుర్లు: ఒకే లెన్సు, మూడు చూపులు

మొన్న ఉగాది సంబరాల్లో నా మెడలో వేలాడుతున్న పాత కెమేరా చూసి ఇద్దరు ముగ్గురు మిత్రులు "ఇదేమిటండీ, జూమ్ లెన్సా?" అని అడిగారు. కాదండీ. పులిహోర పళ్ళెం చేత్తో పట్టుకుని అక్కడ చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ చెబుతాను.

నాది లైకా ఎం6. 1984లో వచ్చిన మోడలు, రేంజ్‌ఫైండర్ రకం. ఎస్.ఎల్.ఆర్. కెమేరాలో మనం లెన్సులోంచే చూస్తాం. ఇందులో లెన్సుతో సంబంధం లేని వేరే కిటికీలోంచి చూస్తాం. దాని నడిమధ్య బొమ్మ రెండుగా కనిపిస్తుంది. రింగు తిప్పి ఆ రెంటినీ ఒకటి చేస్తే ఫోకసు కుదిరినట్టు. లెన్సు మార్చినా కిటికీలోని దృశ్యం పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. ఫిల్ము మీద ఎంతమేర పడుతుందో చూపించే తెల్లగీతల చట్రం మాత్రం మారుతుంది. అందుకే మామూలు జూమ్ లెన్సు దీనికి పొసగదు.

1998లో లైకా వారు ట్రై-ఎల్మార్ అనే లెన్సు తెచ్చారు. 28, 35, 50 మి.మీ. - మూడే మెట్లు. రింగు తిప్పితే ఒక్కొక్క మెట్టు దగ్గర టిక్కుమని ఆగుతుంది. దానికి తగిన చట్రం కిటికీలో దానంతటదే వస్తుంది. ఎం6లో ఈ చట్రాలు జంటలుగా వస్తాయి: 28తో 90, 35తో 135, 50తో 75. కంగారు పడనక్కరలేదు, ఎప్పుడూ బయటి చట్రమే మనది. కళ్ళజోడు ఉన్నవారికి 28 చట్రం అంచులు ఒక్కచూపులో కనిపించవు. కన్ను కాస్త అటూ ఇటూ జరిపి చూసుకోవాలి.

ఏ మెట్టు ఎప్పుడు? నేను వాడే కాకిలెక్క ఇది. మనిషి పది అడుగుల దూరంలో ఉంటే, కెమేరా అడ్డంగా పట్టినప్పుడు, 28కి సుమారు పదమూడు అడుగుల వెడల్పు పడుతుంది. 35కి పది, 50కి ఏడు. పెళ్ళిపీటల చుట్టూ బంధువులందరూ కావాలంటే 28. దంపతులిద్దరే చాలనుకుంటే 50. చట్రం ముందే మనసులో పెట్టుకుని, తర్వాత కెమేరా కంటికెత్తండి.

లోపాలూ ఉన్నాయి. ఈ లెన్సు ఎపర్చరు ఎఫ్/4 దాటి తెరుచుకోదు. ఎఫ్/2 లెన్సుతో పోలిస్తే నాలుగో వంతు వెలుతురే. ఇంట్లో దీపాల వెలుగులో, 400 ఫిల్ముతో నాకు 1/15 సెకను దాకా దిగవలసి వస్తుంది. పెద్దలు కదలకుండా కూర్చుంటారు గానీ పిల్లలు కూర్చుంటారా? పైగా మీటరు కంటే దగ్గరగా ఫోకసు కుదరదు.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త మరొకటి. రింగును రెండు మెట్ల మధ్య ఆపకూడదు. అక్కడ ఫోకసును నమ్మడానికి లేదు. కిటికీలో మాత్రం అంతా స్పష్టంగానే కనిపిస్తుంది, ఎందుకంటే మనం చూసేది లెన్సులోంచి కాదు కదా!

ఇది నాకు 2003లో తెలిసివచ్చింది. బాపట్ల నుంచి మా అమ్మ వచ్చింది. వరలక్ష్మీవ్రతం నాడు పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను రింగు తిప్పుతూ తంటాలు పడుతూంటే "ఎంతసేపురా, దీపం కొండెక్కుతుంది" అని నవ్వింది. ఆ నవ్వు దొరికిందనుకున్నాను. ఫిల్ము కడిగించి తెచ్చేసరికి అమ్మ తిరుగు ప్రయాణమైపోయింది. ఆ ఒక్క ఫోటో మసక. తొందరలో రింగు టిక్కుమనే దాకా తిప్పలేదు. అమ్మ మళ్ళీ ఈ దేశం రాలేదు, ఇక రాదు కూడా. ఆ మసక ఫోటోనే మా హాల్లో ఉంది. మా అమ్మాయి దానికి మరో ఫోటో పెట్టనివ్వదు.

ఈ లెన్సు తయారీ ఆగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు దొరికేది ఒకరు వాడినదే. కొనేముందు కెమేరాకు తగిలించి, మూడు మెట్లూ తిప్పి, మూడు చట్రాలూ సరిగా మారుతున్నాయో లేదో చూసుకోండి. కొన్నాక ఫిల్ము లేకుండా వారం రోజులు ఇంట్లో తిప్పి చూడండి. ఆ టిక్కు చప్పుడు వేళ్ళకు అలవాటు కావాలి.

వచ్చే నెల: అట్టపెట్టెల్లో మూలుగుతున్న పాత నెగెటివ్‌లను కాపాడుకోవడం ఎలా? మీ ప్రశ్నలు రాసి పంపండి.