సాక్షులు లేని న్యాయము

1955 ఏప్రిల్ 11వ తేదీనాటికి కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని. బెజవాడ గోపాలరెడ్డిగారి మంత్రివర్గ మేర్పడి రెండు వారములే యైనది. ఆ దినమున బాండుంగు మహాసభకు ప్రతినిధులను గొనిపోవుచున్న ఎయిర్ ఇండియావారి ‘కాశ్మీర్ ప్రిన్సెస్’ విమానము హాంకాంగు విడిచిన కొన్ని గంటలకే నటూనా దీవుల చెంత సముద్రమున కూలెను. పందొమ్మిదిమందిలో పదునార్గురు మరణించిరి. చైనా ప్రధాని చౌ ఎన్ లై ఆ విమానమున పోవలసియుండి మానుకొనుటచే బ్రదికెను. హాంకాంగు విమానాశ్రయమున పనిచేయు నొక పరిచారకుడు టైంబాంబు నమర్చెనని విచారణలో తేలినది. వాడు తైవానునకు పారిపోయెను. తైవాను ప్రభుత్వము వానిని అప్పగించుటకు నిరాకరించెను. అసువులు బాసిన కెప్టెన్ జతారుకును, విమాన పరిచారిక గ్లోరియా బెర్రీకిని అశోకచక్ర గౌరవము దక్కినది. ధైర్యమునకు పతకము లభించెను. హత్యకు మాత్రము శిక్ష లభింపలేదు.

అటుపిమ్మట ముప్పది సంవత్సరములకు, 1985 జూన్ 23న, అదే సంస్థకు చెందిన ‘కనిష్క’ అను బోయింగు 747 విమానము కెనడానుండి లండను మీదుగా ఢిల్లీకి వచ్చుచు ఐర్లండు తీరమునకు దూరముగ, ముప్పదియొక్క వేల అడుగుల ఎత్తున ప్రేలిపోయెను. 329 మంది మరణించిరి. 131 శరీరములు మాత్రమే సముద్రమునుండి చేజిక్కినవి. అదే దినమున జపానులోని నరీటా విమానాశ్రయమున మరియొక ఎయిర్ ఇండియా విమానమున కెక్కింపవలసిన పెట్టె ప్రేలి ఇద్దరు సామానులు మోయు కార్మికులు చనిపోయిరి. న్యూయార్కు జంట సౌధములపై 2001లో జరిగిన దాడికి పూర్వము విమానములపై జరిగిన ఉగ్రవాద హత్యాకాండలలో ఇంతమందిని బలిగొన్నది వేరొకటి లేదు.

ఈ మృతులు ఏ దేశమువారు? ప్రశ్న వింతగా తోచవచ్చును గాని, ఇరువది సంవత్సరముల యాలస్యమునకు మూల మిందులోనే కలదు. మృతులలో 268 మంది కెనడా పౌరులు. అయినను ఆనాటి కెనడా ప్రధాని మల్రోనీ ఫోనుచేసి రాజీవ్ గాంధీకి సానుభూతి తెలిపెను. తన యింట చావు జరుగగా పొరుగింటికి పరామర్శకు పోయినట్లున్నది! భారతదేశమున జస్టిస్ కిర్పాల్ విచారణ జరిపి, ఇది బాంబువలన జరిగినదే యని నిర్ధారించెను. కాని నేరస్థులును, నేరస్థలమును, పత్రములును, సాక్షులును కెనడాలో నుండిరి. ఈ దేశము అది వారి కేసనుకొనెను. ఆ దేశము ఇది వీరి దుఃఖ మనుకొనెను. నడుమ మృతుల కుటుంబములవారు, ఎవరి గుమ్మము తట్టవలెనో తెలియక నిలిచిరి.

నేరము జరిగిన తీరు అత్యంత సరళము. వాంకూవరులో ఒకడు పెట్టె నప్పగించి, తాను విమాన మెక్కలేదు. యజమాని లేని పెట్టె టొరొంటోకు పోయి, అచట ఎయిర్ ఇండియా విమానమునకు మారెను. ఆ దినమున టొరొంటోలో ఎక్స్‌రే యంత్రము పాడై, చేతితో పట్టుకొను పరికరముతో పెట్టెలను పరీక్షించిరి. కెనడా గూఢచారి శాఖవారు అనుమానితుల టెలిఫోను సంభాషణలను అంతకుముందే రికార్డు చేసియుండియు, ఆ టేపులలో పెక్కింటిని చెరిపివేసిరి. విశ్రాంత న్యాయమూర్తి జాన్ మేజర్ సంఘము 2010లో నివేదిక నిచ్చి ఈ లోపముల నన్నింటిని వెలికి దీసిన పిమ్మట, ఆ సంవత్సరము జూన్ 23న ప్రధాని హార్పర్ బాధిత కుటుంబములకు క్షమాపణ చెప్పెను. ఇరువదియైదు సంవత్సరములకు.

ఈ నడుమ 2005 మార్చి 16న వాంకూవరు న్యాయస్థానమున తీర్పు వెలువడెను. ఇద్దరు ముద్దాయిలును నిర్దోషులుగా విడుదలైరి. దర్యాప్తు, విచారణలకు సుమారు 13 కోట్ల డాలర్లు వ్యయమైనవని చెప్పుదురు. బాధితులు కోర్టు వెలుపల విలపించిరి. అయినను న్యాయమూర్తిని నిందించుట తగదు. ప్రాసిక్యూషను తెచ్చిన ముఖ్యసాక్షులు ఆయనకు నమ్మదగినవారుగా తోచలేదు. సహేతుకమైన సందేహము మిగిలినచో శిక్షింపరాదన్నది ఆయన పాటించిన ధర్మము. అనుమానముపై ఉరితీయు న్యాయస్థానము కంటె, సాక్ష్యము లేక విడిచిపెట్టు న్యాయస్థానమే మేలు. కొరత కోర్టులో కాదు, కోర్టుకు రాని సాక్ష్యములో నున్నది.

ఈ కేసులో శిక్షపడినవాడు ఒక్కడే, ఇందర్‌జిత్ సింగ్ రెయాత్. నరీటా మృతులకు గాను పదియేండ్లు, కనిష్క మృతులకు గాను అయిదేండ్లు. తక్కినవారి విచారణలో సాక్షిగా బోనెక్కి, తెలియదనియు జ్ఞాపకము లేదనియు పలికినందులకు, అసత్యసాక్ష్యము క్రింద 2011లో మరి తొమ్మిదేండ్లు. లెక్క చూడుడు. 329 మంది మరణమునకు అయిదేండ్లు పడినవి. ‘గుర్తులేదు’ అన్నందులకు తొమ్మిదేండ్లు.

ఇక గుర్తుండినవాని కథ వినవలెను. తారాసింగ్ హేయర్ ఒక పంజాబీ వారపత్రికకు సంపాదకుడు. తన సమాజములోని హింసావాదులను ధిక్కరించి వ్రాసినందులకు 1988లో ఆయనను కాల్చిరి. కాళ్లు పడిపోయినవి. చక్రముల కుర్చీలో కూర్చుండియే పత్రికను నడపెను. తాను విన్న ఒక సంభాషణను గూర్చి పోలీసులకు వాంగ్మూలమిచ్చి, కోర్టులో సాక్ష్యము చెప్పుటకు సిద్ధపడెను. 1998 నవంబరు 18న, తన యింటి కారుషెడ్డులోనే, ఆయనను మరల కాల్చిరి. ఈసారి బ్రదుకలేదు. చనిపోయినవానిని ప్రతివాదులు ప్రశ్నింపజాలరు గనుక ఆ వాంగ్మూలము సాక్ష్యముగా చెల్లలేదు. హంతకునకు ఆ సూక్ష్మము తెలియును.

కర్నూలు, కడప జిల్లాల పాఠకునకు ఈ కథ పరాయిదిగా తోచదు. ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, పత్తికొండ, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో నాటుబాంబుల చప్పుడు ఎరుగని తరము నిన్నటివరకు లేదు. గడ్డివాములలో దాచిన బాంబును బంతి యనుకొని చేయి పోగొట్టుకొన్న పిల్లల వార్తలు ఈ సీమ పత్రికలలో వచ్చుచుండెడివి. అనంతపురము కక్ష హైదరాబాదునకు ప్రాకి, 1997 నవంబరు 19న జూబ్లీహిల్సులో కారుబాంబుగా మారి 26 మందిని బలిగొనెను. లక్ష్యమైన శాసనసభ్యుడు గాయములతో బయటపడగా, ఏ పార్టీకిని చెందక కెమెరాలు పట్టుకొని వచ్చిన టెలివిజను సిబ్బంది చనిపోయిరి. కనిష్కలో చనిపోయిన పసిపిల్లలకును వీరికిని భేదమేమి?

ఆ కేసులో శిక్షలు పడినవి. పల్లెలలో జరిగిన హత్యలలో పెక్కింటి గతి వేరు. పట్టపగలు నడివీధిలో మనిషి పడిపోవును. చూచినవారు ఏబదిమంది. పోలీసులకు చెప్పినవారు పదిమంది. కేసు కోర్టుకు వచ్చుసరికి ఏండ్లు గడచును. ఆ నడుమ పెద్దమనుష్యులు కూర్చుండి రాజీ చేయుదురు. రెండువైపుల కేసులును ఒకదాని కొకటి చెల్లు. ఆ పదిమందియు బోనెక్కి ‘నేను చూడలేదు, నాకు తెలియదు’ అందురు. వారిని పిరికివారని పట్టణమున కూర్చుండి అనుట సులభము. కరవుసీమలో ఎకరము మెట్టపొలము, రెండెద్దులు తప్ప లేనివాడు, సాక్ష్యము చెప్పి ఆ సాయంత్రమే ఏ ఊరికి తిరిగిపోవలెను? పానుగంటివారి ‘సాక్షి’లో జంఘాలశాస్త్రి గొంతెత్తి లోకమును కడిగివేయగలిగెనన్న, అది సభ, క్రింద కూర్చున్నవారు శ్రోతలు. కోర్టుబోను క్రింద కూర్చున్నవారు వేరు.

ఈ భయమునకు మందు ధైర్యోపదేశము కాదు, రక్షణ. భారత సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 5న సాక్షుల రక్షణ పథకమును ఆమోదించి, దేశమంతట అమలుపరుపుమని యాదేశించెను. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 398వ విభాగము, ప్రతి రాష్ట్రమును ఇట్టి పథకమును రూపొందించి ప్రకటింపవలెనని నిర్దేశించినది. ముప్పును బట్టి పోలీసు కాపలా, ముద్దాయికి ఎదురుపడకుండ సాక్ష్యమిచ్చు ఏర్పాటు, అవసరమైనచో పేరు మార్చుట, ఊరు మార్చుట ఈ పథకమున కలవు. కాని చట్టము పుస్తకమునుండి దిగి ఆళ్లగడ్డ బస్సెక్కవలెను గదా! తనకిట్టి హక్కున్నదని పత్తికొండ రైతునకు చెప్పువా రెవరు?

ఊరిలో అర్జీ వ్రాసిపెట్టుటకు, నోటీసు చదివి అర్థము చెప్పుటకు, ఎన్నికలనాడు పోలింగు అధికారిగా కూర్చుండుటకు పిలువబడువాడు బడిపంతులు. తానే సాక్షి యగు సందర్భము అతనికి ఇతరులకంటె తరచుగ వచ్చును. బదిలీ భయము, బెదిరింపు భయము అతనికిని కలవు. అందుచేత ఈ రక్షణ పథకము ముందుగా ఉపాధ్యాయ సంఘముల పటింప దగిన విషయము. దరఖాస్తు ఎవరి కీయవలెనో, దానిని విచారించు జిల్లాస్థాయి అధికారసంఘములో ఎవరుందురో, జిల్లా న్యాయసేవాధికార సంస్థవారిని పిలిపించి ఒక శనివారము మధ్యాహ్నము తెలిసికొనవచ్చును. పై తరగతుల విద్యార్థులును వినవచ్చును; ఆ ఇండ్లలోనే సాక్షులున్నారు.

ఐర్లండు తీరమున అహకిస్తా యను చిన్న పల్లెలో, ప్రతి జూన్ 23న జనులు స్మారకము వద్ద చేరి, విమానము ప్రేలిన ఘడియకు మౌనము వహించుచున్నారు. ఆ సమయమునకు మన జిల్లాల బడులు వేసవి సెలవులు ముగిసి తెరచియుండును. తారాసింగ్ హేయర్‌ను చంపినవారికి నేటివరకు శిక్ష పడలేదు.