వర్క్‌స్టేషన్ కొనడం ఇప్పుడా, తర్వాతా?

2025 అక్టోబరు 14న రెండు పరిణామాలు ఒకేరోజు జరిగాయి. విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం మైక్రోసాఫ్ట్ ఆ రోజుతో ఆపేసింది. అదే రోజు దిల్లీలో గూగుల్, విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం నిర్మిస్తామని ప్రకటించింది. మొదటిది పాత కంప్యూటర్ మార్చుకోమని చెబుతోంది. రెండోది, ప్రపంచమంతటా అలాంటి కేంద్రాలు లేస్తున్నందువల్ల, కొత్త కంప్యూటర్ ధరను పెంచుతోంది. హైదరాబాద్‌లో సినిమాలకు గ్రాఫిక్స్ చేసే చిన్న స్టూడియో, విజయవాడలో ఆర్కిటెక్ట్ ఆఫీసు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఇద్దరు మనుషుల సంస్థ.. అందరూ ఇప్పుడు ఈ రెంటి మధ్య ఇరుక్కున్నారు.

సాధారణ రోజుల్లో ఈ ప్రశ్నకు జవాబు తేలిక. కంప్యూటర్ విడిభాగాల ధరలు కాలం గడిచేకొద్దీ తగ్గుతాయి, కాబట్టి అవసరం మెడమీదికి వచ్చేదాకా ఆగడమే లాభం. ముప్పై ఏళ్లుగా కొనుగోలుదారుల బుర్రలో స్థిరపడిన సూత్రమిది. 2025 రెండో సగంలో ఇది తలకిందులైంది. అమెరికాలో ఆ ఏడాది మధ్యలో 200 డాలర్ల చుట్టుపక్కల దొరికిన 64 జీబీ డీడీఆర్5 మెమరీ జత ధర నవంబరు చివరికి చాలా దుకాణాల్లో 500 డాలర్లు దాటిపోయింది. ఒక ఆటల కన్సోల్ మొత్తం కంటే రెండు మెమరీ పలకలే ఖరీదైన పరిస్థితి వచ్చింది. డిసెంబరులో రూపాయి డాలరుకు 90 దాటడంతో మన దగ్గర ఆ భారం ఇంకాస్త పెరిగింది.

కారణం ఒక్క మాటలో ఏఐ. కానీ అది పనిచేసే తీరు తెలిస్తేనే ఎంతకాలం ఆగాలో లెక్క తేలుతుంది. ప్రపంచంలో డీర్యామ్ చిప్‌ల ఉత్పత్తిలో అత్యధిక భాగం మూడు సంస్థల చేతుల్లో ఉంది: దక్షిణ కొరియాకు చెందిన శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాకు చెందిన మైక్రాన్. ఏఐ చిప్‌ల పక్కన అమర్చే హెచ్‌బీఎం అనే ప్రత్యేక మెమరీని కూడా ఈ ముగ్గురే చేస్తారు. ఒక జీబీ హెచ్‌బీఎం తయారీకి పట్టే సిలికాన్ పలకతో దాదాపు మూడు జీబీల మామూలు డీడీఆర్5 వస్తుందని మైక్రాన్ స్వయంగా చెప్పింది. హెచ్‌బీఎంలో లాభం ఎక్కువ. పలకలు అటు మళ్లితే మామూలు మెమరీకి మిగిలేది తగ్గుతుంది. 2025 అక్టోబరు 1న ఓపెన్ఏఐ తన స్టార్‌గేట్ పథకం కోసం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్‌లతో ఒప్పంద పత్రాలు కుదుర్చుకుంది. అందులో పెట్టుకున్న లక్ష్యం నెలకు 9 లక్షల డీర్యామ్ పలకలు. లక్ష్యం పూర్తిగా నెరవేరకపోయినా ఆ అంకె చాలు, మార్కెట్ బిగుసుకుపోవడానికి. డిసెంబరు 3న మైక్రాన్ క్రూషియల్ పేరుతో దుకాణాల్లో అమ్మే తన వినియోగదారుల వ్యాపారాన్ని మూసేస్తున్నట్లు ప్రకటించింది. 2026 ఫిబ్రవరి చివరి వరకే సరఫరా అని చెప్పింది. 29 ఏళ్ల బ్రాండ్ అది. సికింద్రాబాద్ సీటీసీలో గానీ, దిల్లీ నెహ్రూ ప్లేస్‌లో గానీ కంప్యూటర్ బిగించే ఏ కుర్రాణ్ని అడిగినా ఆ పేరు చెబుతాడు.

ఇక్కడ వర్క్‌స్టేషన్‌కు మామూలు డెస్క్‌టాప్‌కు లేని అదనపు తలనొప్పి ఒకటుంది. ఇంటెల్ జియాన్, ఏఎండీ థ్రెడ్‌రిప్పర్ వంటి ప్రాసెసర్ల మీద కట్టే యంత్రాలకు వాడేది ఆర్‌డిమ్ రకం మెమరీ, అంటే డేటా సెంటర్ల సర్వర్లలో వాడేదే. థ్రెడ్‌రిప్పర్ ప్రోకు ఎనిమిది చానళ్లు ఉంటాయి. పూర్తి వేగం రావాలంటే ఎనిమిది పలకలు పెట్టాలి. మామూలు డెస్క్‌టాప్ రెండు పలకలతో సరిపెట్టుకుంటుంది, ఆ పలకలు ఇందులో పట్టవు కూడా. అంటే వర్క్‌స్టేషన్ కొనేవాడు మెమరీ కోసం పక్కింటివాడితో కాదు, నేరుగా గూగుల్, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థలతో పోటీపడుతున్నాడు. వాళ్లకు ఏడాది ముందే ఒప్పందాలు ఉంటాయి. ఇతనికి ఆ పూట దుకాణదారు చెప్పిన ధర ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డులదీ ఇదే వరస. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ ప్రో 6000 బ్లాక్‌వెల్ కార్డులో 96 జీబీ జీడీడీఆర్7 మెమరీ ఉంది. అదీ ఈ మూడు సంస్థల నుంచే రావాలి.

మరి ధరలు ఎప్పుడు దిగుతాయి? మెమరీ మార్కెట్‌కు ఎగుడుదిగుళ్లు కొత్త కాదు. 1999 సెప్టెంబరులో తైవాన్ భూకంపం తర్వాత ధరలు ఎగిశాయి. 2017, 2018లలో గిరాకీ వల్ల పెరిగి, 2019లో పడ్డాయి. 2011 థాయ్‌లాండ్ వరదల్లో హార్డ్‌డిస్క్ కర్మాగారాలు మునిగినప్పుడు డిస్కుల ధర రెట్టింపైంది. నీళ్లు తీసినంత తొందరగా ధర దిగలేదు. 2021లో గ్రాఫిక్స్ కార్డులను క్రిప్టో గనుల తవ్వకం మింగేసింది. 2022 సెప్టెంబరులో ఎథీరియం తన పద్ధతి మార్చుకోవడంతో ఆ గిరాకీ దాదాపు ఒక్కరోజులో మాయమైంది. ప్రకృతి విపత్తు, ఊహాగానం వల్ల పెరిగిన ధరలు ఒకలా దిగాయి. కొత్త కర్మాగారం కట్టాల్సిన కొరత మరొకలా నెమ్మదిగా దిగుతుంది. ఇప్పటిది రెండో రకం.

పైగా తయారీదారులకు తొందర లేదు. 2023లో మెమరీ ధరలు కుప్పకూలినప్పుడు మైక్రాన్ ఆ ఆర్థిక సంవత్సరంలో 580 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. ఎస్‌కే హైనిక్స్ కూడా భారీ నష్టాలు చూసింది. ఆ దెబ్బ తిన్నవాళ్లు ఇప్పుడు అవసరానికి మించి కర్మాగారాలు కడతారనుకోవడం అత్యాశే. కడుతున్నవి కూడా త్వరగా అందిరావు. మైక్రాన్ ఐడహో కర్మాగారం నుంచి తొలి పలక 2027 మధ్యలో వస్తుందని సంస్థ చెబుతోంది. శాంసంగ్ ప్యాంగ్‌టెక్‌లో కొత్త లైను 2028లో మొదలవుతుందని ప్రకటించింది. తొలి పలక వచ్చిన రోజే దుకాణంలో ధర తగ్గదు. ఏఐ పెట్టుబడుల బుడగ పగిలితే కథ మారవచ్చు. కానీ అది ఎప్పుడో చెప్పగలిగినవాడు మెమరీ కొనడం కంటే షేర్లు అమ్ముకోవడం మంచిది.

అందుచేత ఇప్పుడు అందరూ ఎంచుకుంటున్న మార్గమే అన్నిటికంటే చెడ్డదిగా కనిపిస్తోంది. అది ‘ఆరు నెలలు చూద్దాం’ అనడం. ఆరు నెలల్లో కొత్త కర్మాగారం రాదు. పాత యంత్రం మరింత పాతబడుతుంది. నిజంగా ఆగాలనుకుంటే రెండేళ్లకు సిద్ధపడి ఆగాలి. అందుకు తగ్గట్టు పాత యంత్రాన్ని కాపాడుకోవాలి. లేదంటే ఇప్పుడే, తక్కువలో కొనాలి.

ఈ రెంటిలో ఏదో తేల్చేది మెమరీ ధర కాదు, చేతిలో ఉన్న పని. ఒక ఎడిటర్‌కు పాత యంత్రం వల్ల రోజుకు రెండు గంటలు వృథా అవుతున్నాయని, అతని గంట విలువ 300 రూపాయలని అనుకుందాం. నెలకు 25 రోజుల చొప్పున 15,000 పోతున్నట్లు. ఏడాది ఆగితే 1,80,000. ఆగి మిగుల్చుకోగలిగేది మెమరీ మీద అదనపు భారం మాత్రమే. 64 జీబీతో నడిచే యంత్రంలో అది ఈ మొత్తంలో చిన్న భాగం. కానీ ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. మిగిలిన రెండు గంటల్లో చేయడానికి మరో పని ఉంటేనే ఆ డబ్బు నిజం. రెండర్ రాత్రి పడుకున్నాక నడుస్తుంటే, పొద్దున లేచేసరికి అయిపోతుంటే, వేగవంతమైన యంత్రం వల్ల వచ్చేది సంతోషమే తప్ప ఆదాయం కాదు. కొత్త యంత్రం మీద మోజును ఉత్పాదకత పేరుతో కొనేవాళ్లు తక్కువేం లేరు. గడువుకు పని అందక క్లయింట్ చేజారిన అనుభవం ఉన్నవారు, సీన్ మెమరీలో పట్టక సాఫ్ట్‌వేర్ మాటిమాటికీ ఆగిపోతున్నవారు మాత్రం ఆగి సాధించేది లేదు.

కొనేవారికి తక్కువలో కొనే దారులున్నాయి. ప్రాసెసర్ల ధరలు మెమరీలా ఎగరలేదు. ఏఎండీ థ్రెడ్‌రిప్పర్ 7000 వరసకు వాడిన సాకెట్‌నే 2025 జులైలో వచ్చిన 9000 వరసకూ వాడింది. కాబట్టి మంచి మదర్‌బోర్డు మీద చిన్న ప్రాసెసర్‌తో మొదలుపెట్టి తర్వాత పెంచుకోవచ్చు. అన్నిసార్లూ ఇలా కుదరదు: 2019లో థ్రెడ్‌రిప్పర్ 3000 కోసం టీఆర్ఎక్స్40 బోర్డు కొన్నవారికి తర్వాతి వరసే రాలేదు. ఎనిమిది చానళ్లు అవసరం లేని పనికి నాలుగు చానళ్ల యంత్రం చాలు. ఆటోక్యాడ్, రెవిట్, ఫోటోషాప్, మామూలు వీడియో ఎడిటింగ్‌కు చాలామందికి రెండు చానళ్ల డెస్క్‌టాపే సరిపోతుంది. దానికి ‘వర్క్‌స్టేషన్’ అని పేరు లేకపోతే నష్టమేమీ లేదు. హూడినీలో నీళ్లు, పొగ సృష్టించేవారిది వేరే లోకం. వాళ్లకు మెమరీ ఎంతున్నా చాలదు. అలాంటి పని నెలలో నాలుగు రోజులే ఉంటే ఆ నాలుగు రోజులకు క్లౌడ్‌లో యంత్రం అద్దెకు తీసుకోవడం నయం. ఆపిల్ మ్యాక్ స్టూడియో వంటివి ఎంచుకునేవారు గుర్తుంచుకోవాల్సిందల్లా ఒక్కటే, మెమరీ తర్వాత పెంచడం కుదరదు.

పన్నుల సంగతి. కంప్యూటర్ల మీద జీఎస్‌టీ 18 శాతం. నమోదైన సంస్థ ఈ మొత్తాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి సర్దుకుంటుంది. సేవల ఆదాయం 20 లక్షల లోపు ఉండి నమోదు కాని ఫ్రీలాన్సర్‌కు అది పూర్తి ఖర్చు. మూడు లక్షల యంత్రం మీద 54,000. ఒకే దుకాణంలో ఒకే బిల్లుకు ఇద్దరి అసలు ధర వేరు. ఆదాయపన్నులో కంప్యూటర్లకు ఏటా 40 శాతం తరుగుదల ఉంది. ఆ ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే. కాబట్టి మార్చి నెలాఖరులోపు కొని వాడకం మొదలుపెడితే 20 శాతం ఈ ఏడాదికే వస్తుంది, ఏప్రిల్‌లో కొంటే 40 శాతమైనా వచ్చే ఏడాది లెక్కలోకి పోతుంది. మూడు లక్షల మీద, 30 శాతం పన్ను శ్లాబులో, మార్చి కొనుగోలుతో ముందుగా మిగిలేది 18,000. అదీ వాయిదా లాభమే. ‘ఆర్థిక సంవత్సరం ముగుస్తోంది, కొనేయండి’ అనే దుకాణదారుల మాటకు అంతకుమించిన విలువ లేదు. ఇక 44ఏడీఏ కింద ఆదాయంలో సగాన్ని లాభంగా చూపించే ఆర్కిటెక్టులకు, ఇంజినీర్లకు, సినిమా ఎడిటర్లకు తరుగుదల విడిగా దక్కదు. వాళ్లకు ఈ మార్చి హడావుడి పూర్తిగా అనవసరం.

ఇంత జరుగుతున్నా విధానకర్తల దృష్టిలో ఈ యంత్రం లేదు. 2023 మేలో ఆమోదించిన 17,000 కోట్ల ఐటీ హార్డ్‌వేర్ ప్రోత్సాహక పథకం ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లు, ఆల్-ఇన్-వన్‌లు, సర్వర్లు, అతిచిన్న కంప్యూటర్లకు. అదే ఏడాది ఆగస్టులో తెచ్చిన దిగుమతి ఆంక్షల జాబితా కూడా దాదాపు అదే. టవర్ డెస్క్‌టాప్ రెంటిలోనూ కనబడదు. గుజరాత్‌లోని సానంద్‌లో మైక్రాన్ కేంద్రం చిప్‌లను జోడించి పరీక్షించేది, పలకలు తయారుచేసేది కాదు. ధోలేరాలో టాటా కడుతున్న ఫ్యాబ్ మెమరీ కోసం కాదు. డీర్యామ్ ధర విషయంలో దేశానికి చేతిలో ఏమీ లేదు. 2025 సెప్టెంబరు 22న పెద్ద మానిటర్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగడం ఒక్కటే ఈ వర్గానికి అందిన ఊరట. అందుకే 32 అంగుళాలు దాటిన తెర అవసరమైనవారు దాన్ని వాయిదా వేయడంలో అర్థం లేదు.

ఆగాలని నిర్ణయించుకున్నవారికి మిగిలేది విండోస్ 10 చిక్కు. సంస్థలకు పొడిగించిన భద్రతా అప్‌డేట్లు మూడేళ్ల వరకు దొరుకుతాయి: మొదటి ఏడాది ఒక్కో యంత్రానికి 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు. మొదటి రెండేళ్లకు 183 డాలర్లు అవుతుంది. విండోస్ 11 తీసుకోని పాత యంత్రం చక్కగా పనిచేస్తుంటే, ఆ మొత్తం ఇప్పుడున్న ధరలో ఒక జత మెమరీ కంటే తక్కువే. పాత సర్వర్ల నుంచి తీసిన మెమరీ కొని దాన్ని బలపరచుకునేవారు బిల్లు, కనీసం ఒక నెల వారంటీ, రాత్రంతా నడిపిన మెమరీ పరీక్ష ఫలితం అడిగి తీసుకోవాలి. కొత్తది కొనేవారు కొటేషన్‌లో మెమరీ రకం, పలకల సంఖ్య, ఆ ధర ఎన్ని రోజులు చెల్లుతుందో రాయించుకోవాలి. ‘64 జీబీ’ అని ఒక్క ముక్క రాసి, ఎనిమిది చానళ్ల బోర్డులో ఒకే పలక గుచ్చి ఇచ్చినా ఆ కాగితం ప్రకారం తప్పేమీ కాదు.