బాస్ పంపిన సర్వేకి 'వద్దు' అనగలమా?

మా ఆవిడ ఇక్కడ అమెరికాలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తుంది. మొన్న వాళ్ల సూపర్‌వైజర్ ఓ సర్వే లింకు పంపాడు. ఎవరో పీహెచ్‌డీ విద్యార్థి పరిశోధనట. పేరు అడగలేదు. హోదా, సర్వీసు, పుట్టిన దేశం మాత్రం అడిగారు. ఆ తర్వాత 'మీ పైఅధికారి తీరు ఎలా ఉంది?' అని ప్రశ్న. ఆ విభాగంలో ఉన్నదే నలుగురు. ఇండియాలో పుట్టింది తనొక్కతే. ఇక పేరెందుకు? పైగా ఆమె హెచ్‌1బీ స్పాన్సరు ఆ యూనివర్సిటీయే.

"నింపకపోతే ఏమనుకుంటాడో" అంది. సమస్యంతా ఆ మాటలోనే ఉంది.

మా స్నేహితుడి అమ్మాయి కూడా మాస్టర్స్ ప్రాజెక్టు కోసం వేరే యూనివర్సిటీ ఉద్యోగులను ప్రశ్నించాలి. ఐఆర్‌బీ ఆమోదం ఆలస్యమయ్యేసరికి "నాలుగు ప్రశ్నలకు ఇంత తతంగమా, వాట్సాప్ గ్రూపులో పెట్టెయ్" అన్నాడు వాళ్ల నాన్న. ఒకప్పుడు నేనూ అదే అనేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫారం చూస్తేనే చిరాకు కదా!

ఈ కమిటీలు ఊరికే పుట్టలేదు. టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు జబ్బు సంగతి దాచి, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా గమనిస్తూ కూర్చున్నారు. ఆ ఆగ్రహంలోంచే 1974 చట్టం, 1979 బెల్మాంట్ నివేదిక వచ్చాయి. మనకిది దూరపు కథ కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగినప్పుడు హాస్టల్ ఆడపిల్లల అంగీకార పత్రాలు చాలావాటిపై వార్డెన్లే సంతకాలు పెట్టేశారు.

సర్వే, టీకా ఒకటి కాదు, నిజమే. జవాబిచ్చింది ఎవరో పోల్చుకోలేనప్పుడు పెద్దలపై చేసే సర్వేలకు ఇక్కడి నిబంధనలు చాలావరకు సడలింపు ఇస్తాయి. జవాబు బయటపడితే ఉద్యోగానికో పరువుకో ముప్పుందా అని కూడా చూస్తాయి. నలుగురున్న ఆఫీసులో ఆ ప్రశ్న తప్పించుకోలేం.

నైతిక కమిటీ ఆమోదం ఒకటి, తన సిబ్బందిని సంప్రదించడానికి ఆ సంస్థ ఇచ్చే అనుమతి ఇంకొకటి. రెండూ ఉన్నా ఉద్యోగి అంగీకారం వేరే. డీన్ సంతకం దానికి బదులు కాదు. లింకు పరిశోధకుడి నుంచే రావాలి, బాస్ చేతుల మీదుగా కాదు.

ఆ సర్వే అడుగున ఐఆర్‌బీ ఫోన్ నంబరు ఉంది. చేయాలా వద్దా అని మా ఆవిడ ఇంకా ఊగిసలాడుతోంది. చేయమనే చెప్పాను.