టీవీ బాక్సుకు వైరు వేయాల్సిందే

నాందేడ్‌లోని తెలుగు ఇళ్లలో రాత్రి సీరియల్ వేళకు బొమ్మ ఆగి, తెర మధ్యలో చక్రం తిరగడం మొదలైతే ముందు తిట్లు తినేది నెట్ కంపెనీ. తర్వాత ఎవరో ఒకరు లేచి రూటర్ ఆపి మళ్లీ వేస్తారు. కాసేపు బాగుంటుంది, మళ్లీ మామూలే. కంపెనీ తప్పు లేదని కాదు. కానీ చాలా ఇళ్లలో అసలు లోపం రూటర్‌కూ టీవీకీ మధ్యనున్న ఆ పది మీటర్లలోనే ఉంటుంది.

ఈ ఊళ్లో తెలుగు ఛానెల్ అనేది కాలక్షేపం ఒక్కటే కాదు. 1956 నవంబర్ 1 దాకా నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లా. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ తాలూకాలు ఇవాళ్టికీ తెలంగాణ హద్దును ఆనుకునే ఉన్నాయి. నేతపని మీద, వ్యాపారం మీద, సికింద్రాబాద్ కేంద్రంగా నడిచే దక్షిణ మధ్య రైల్వే ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడిన కుటుంబాలున్నాయి. బడిలో మరాఠీ, బజారులో హిందీ వినే పిల్లల చెవిన తెలుగు పడేది ఇంట్లో మాటల్లోనూ, టీవీలోనూ. 2019 ఫిబ్రవరి నుంచి ట్రాయ్ కొత్త విధానంలో కావలసిన ఛానెల్‌ను విడిగా కొనుక్కునే వీలు వచ్చింది. అయితే కేబుల్ ఆపరేటర్ తెచ్చిన ఛానెళ్లలోంచే ఏరుకోవాలి. నెట్‌తో నడిచే బాక్సు ఆ హద్దును చెరిపేసింది. అందుకే అది ఆగిపోతే అంత కోపం వస్తుంది.

కేబుల్ టీవీని డిజిటల్ చేసినప్పుడు నాందేడ్ వంటి పట్టణాలకు కేంద్రం పెట్టిన గడువు 2015 డిసెంబర్ 31. అప్పుడు బాక్సు మారిందే తప్ప వైరు మారలేదు. కేబుల్ అబ్బాయి గోడకు కన్నం పెట్టి, మేకులు కొట్టుకుంటూ వైరును టీవీ వెనక్కి తెచ్చి బిగించాకే ఇల్లు కదిలేవాడు. ఇప్పుడు ఫైబర్ వేసేవాళ్ల పని వాకిలి దగ్గరే అయిపోతోంది. తలుపు పక్కన చిన్న పెట్టె బిగించి, ఫోన్‌లో స్పీడ్ చూపించి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతారు. లోపలి గదిలోని టీవీ బాక్సును వైఫై దయకు వదిలేస్తారు.

వైఫైకి రెండు దారులు. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం వెళుతుంది, కానీ ఇరుకు. అందులో ఒకదానికొకటి అడ్డురాకుండా వాడుకోదగ్గవి 1, 6, 11 అనే మూడు ఛానెళ్లే. పక్కింటి రూటర్, పైఅంతస్తు రూటర్, వంటింట్లో మైక్రోవేవ్, బ్లూటూత్ రిమోట్ అన్నీ అక్కడే తోసుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ విశాలమైనదే, కానీ మందపు గోడ రెండు దాటేసరికి నీరసిస్తుంది. పాత నాందేడ్‌లోని రాతి గోడల ఇళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఇంత చాలదన్నట్టు బాక్సును టీవీ వెనక దాచేస్తారు. టీవీ లోపలి లోహపు పలక సిగ్నల్‌కు అడ్డు.

యూట్యూబ్ బాగానే ఆడుతోంది, లైవ్ ఛానెల్ మాత్రమే గళ్లుగళ్లుగా పగులుతోంది, ఇదేమిటని చాలామంది అడుగుతారు. యూట్యూబ్ ముందే కొంత నిల్వ చేసుకుంటుంది, దారిలో పోయిన ముక్కను మళ్లీ తెప్పించుకుంటుంది. కొన్ని కంపెనీల ఐపీటీవీ, అంటే నెట్ మీద వచ్చే లైవ్ టీవీ, అలా కాదు. ఒకే ప్రసారాన్ని అడిగిన బాక్సులన్నిటికీ ఒకేసారి పంచుతుంది, దాన్ని మల్టీకాస్ట్ అంటారు. అలా పంచినప్పుడు అందినట్టు కబురు తిరిగి రాదు కాబట్టి, పోయిన ముక్కను వైఫై మళ్లీ పంపదు. పైగా చాలా రూటర్లు ఆ ప్రసారాన్ని అతి తక్కువ వేగంతో గాల్లోకి వదులుతాయి. హెచ్‌డీ బొమ్మకు 5 ఎంబీపీఎస్ సరిపోతుంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంట్లోనూ బొమ్మ పగలడానికి కారణం వైఫైలో ఈ మల్టీకాస్ట్ తీరే. ఇంకా పెద్ద ప్లాన్‌కు మారితే డబ్బు పోతుంది, సమస్య ఉంటుంది.

దీనికి మందు వైరే. రూటర్ నుంచి బాక్సు దాకా ఒక క్యాట్-6 వైరు. వంద మీటర్ల వరకు దానికి ఢోకా లేదు. కొనేటప్పుడు తీగను బ్లేడుతో గీకి చూడాలి. లోపలా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే రాగి పూత పూసిన అల్యూమినియం, నాలుగుసార్లు వంచితే విరిగిపోయే సరుకు. కొనకు బిగించే క్లిప్పులో ఎనిమిది తీగలకూ వరస ఉంది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. చాలా బాక్సుల పోర్టు 100 ఎంబీపీఎస్‌దే. దానికి నారింజ, ఆకుపచ్చ జతలే పనిచేస్తాయి. వాటిలో ఒక్కటి సరిగా కూర్చోకపోయినా బాక్సు ఉలకదు పలకదు.

అద్దె ఇంట్లో గోడకు కన్నం పెట్టనివ్వకపోతే తలుపు చట్రం వెంబడి చదును వైరు వేసుకోవచ్చు. అదీ కుదరనివాళ్లు రూటర్‌ను అల్మారాలోంచి బయటికి, కాస్త ఎత్తుకు మార్చి, బాక్సును 5 గిగాహెర్ట్జ్‌కు కలిపి చూడాలి. చౌక రిపీటర్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఒకే దారిలో వినడం, చెప్పడం రెండూ చేస్తుంది కాబట్టి వేగం సగానికి పడిపోతుంది.

వైరు వేశాకా ఆగుతుంటే అప్పుడు కంపెనీని నిలదీయాలి. వాకిలి దగ్గరి ఫైబర్ పెట్టె మీద ఎర్ర దీపం వెలిగితే ఫైబర్ తెగినట్టో, మరీ మడత పడినట్టో. పచ్చ కొన ఉండాల్సిన చోట నీలం కొన గుచ్చినా సిగ్నల్ క్షీణిస్తుంది. వచ్చినవాళ్ల చేత మీటర్ పెట్టించి కాంతి బలం చదివించాలి. మైనస్ 27 డీబీఎం దగ్గర తచ్చాడుతుంటే కనెక్షన్ అంచు మీద ఉన్నట్టు. కరెంటు పోయినప్పుడల్లా రూటర్ మొదటికొస్తుంటే ఇన్వర్టర్ వెనక చూడాలి. చాలావాటికి యూపీఎస్ మోడ్ మీట ఉంటుంది, అటు నొక్కితే కరెంటు మారే వ్యవధి తగ్గుతుంది.

2017 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ టీవీని, ఫోన్‌ను, ఇంటర్నెట్‌ను ఒకే తీగ మీద ఇంటికి తెచ్చింది. 2024లో బీఎస్ఎన్ఎల్ కూడా ఫైబర్ మీద టీవీ మొదలుపెట్టింది. టీవీ అని అమ్మినప్పుడు టీవీ దాకా తేవడం అమ్మినవాడి బాధ్యత. బాక్సు దాకా వైరు వేయడం కనెక్షన్ పనిలో భాగం కావాలి, స్పీడ్ పరీక్ష బాక్సు ఉన్నచోటే జరగాలి, ఆ అంకె చూశాకే ఇంటివాళ్లు సంతకం పెట్టాలి. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు స్లాబు పోయకముందే, వాకిలి నుంచి టీవీ గోడ దాకా నెట్ వైరు కోసం వేరే పైపు ఒకటి వేయించుకోవాలి. కరెంటు వైర్ల పైపులోనే దాన్నీ తోసేస్తానని మేస్త్రీ అంటే ఒప్పుకోకూడదు.